కాలేయంలో మందు ఏమైందో ముందు చూడాలి: డ్రగ్ మెటబాలిజం, లివర్ టాక్సికాలజీ పరిశోధనలో నా అనుభవం

పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయం పాడవుతుంది. కానీ కణాలను చంపేది పారాసెటమాల్ కాదు. మామూలు మోతాదులో దాని ఎక్కువ భాగం గ్లూకురోనైడ్‌గా, సల్ఫేట్‌గా మారి మూత్రంలో పోతుంది. మిగిలిన కొద్ది భాగాన్ని సైటోక్రోమ్ పీ450 ఎంజైమ్‌లు, ముఖ్యంగా సీవైపీ2ఈ1, ఎన్ఏపీక్యూఐ అనే చురుకైన పదార్థంగా మారుస్తాయి. కాలేయ కణాల్లో సహజంగా ఉండే రక్షక పదార్థం గ్లూటాథయోన్ ఉన్నంతసేపు దాన్ని పట్టేసి నిరపాయంగా బయటికి పంపుతుంది. గ్లూటాథయోన్ అడుగంటాక ఎన్ఏపీక్యూఐ ప్రొటీన్లలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలకు అతుక్కుంటుంది, మైటోకాండ్రియా దెబ్బతింటాయి, కణం చచ్చిపోతుంది. 1973లో అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో మిచెల్, జొలో, గిలెట్, బ్రోడీల బృందం వరుసగా ప్రచురించిన పేపర్లు ఈ అవగాహనకంతా పునాది. ఎంజైమ్‌ను పెంచే మందు ఇస్తే విషప్రభావం పెరిగిందా, ఎంజైమ్‌ను ఆపితే తగ్గిందా, ప్రొటీన్‌కు అతుక్కున్న పరిమాణం కూడా దాంతోపాటే పెరిగి తగ్గిందా అని వాళ్లు మూడూ కలిపి చూశారు. ఆ మూడు ప్రశ్నలే ఇప్పటికీ నాకు కొలబద్ద.

ఈ రంగంలో పనిచేస్తూ నేను గట్టిగా నమ్మేది ఒకటే. కాలేయ కణం ఎందుకు చచ్చిందో, ఎందుకు బతికిందో చెప్పేముందు ఆ కణంలో మందు ఏమైందో కొలిచి తీరాలి. ఫలానా పదార్థం కాలేయాన్ని కాపాడిందని చెబుతూ ఈ కొలత లేని పేపర్లు కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. వాటిలో చాలావాటికి అసలు వివరణ, ఎంజైమ్ ఆగిపోయి విషపదార్థమే తయారు కాకపోవడం. అందుకే ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఏ మెట్టు దగ్గర ఏం కొలవాలో, ఎక్కడ చెడుతుందో నేను చేసే పద్ధతిలోనే చెబుతాను.

మొదలుపెట్టాల్సింది మైక్రోసోమ్‌లతో. కాలేయాన్ని నూరినప్పుడు ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ తెగి చిన్న చిన్న తిత్తులుగా ముడుచుకుంటుంది, వాటినే మైక్రోసోమ్‌లు అంటారు, పీ450 ఎంజైమ్‌లు ఆ పొరలోనే ఉంటాయి. ఎలుకను ముందురోజు రాత్రి ఆకలితో ఉంచితే గ్లైకోజెన్ తగ్గుతుంది. లేకపోతే చివరి పెల్లెట్ అడుగున పారదర్శకమైన జిగురు పొర ఒకటి చేరి, మళ్లీ కలిపేటప్పుడు విసిగిస్తుంది. కాలేయం తీసిన వెంటనే మంచులా చల్లగా ఉన్న 1.15 శాతం పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో రక్తమంతా పోయి లేతగా తేలేదాకా కడగాలి. రక్తం మిగిలితే హిమోగ్లోబిన్ తర్వాతి స్పెక్ట్రమ్‌ను పాడుచేస్తుంది. గ్రాముకు 4 మి.లీ. చొప్పున 0.25 మోలార్ సుక్రోజ్ కలిపిన పీహెచ్ 7.4 బఫర్ పోసి, గాజు గొట్టం, టెఫ్లాన్ రోకలి ఉన్న హోమోజెనైజర్‌తో నెమ్మదిగా నూరాలి. నురగ రాకూడదు. నురగ వచ్చిందంటే ప్రొటీన్ చెడుతోందనే అర్థం. ముందు 9,000 జీ దగ్గర 20 నిమిషాలు తిప్పి, పైన తేలే కొవ్వు పొరను తీసేసి, కింద పేరుకున్నదాన్ని వదిలేసి, మధ్యలో ఉన్న ద్రవాన్ని అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో 1,00,000 జీ దగ్గర గంటసేపు తిప్పితే గులాబీ రంగు పెల్లెట్ దిగుతుంది. దాన్ని 20 శాతం గ్లిజరాల్ ఉన్న బఫర్‌లో కలిపి, చిన్న చిన్న భాగాలుగా మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచాలి. ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించి వాడే అలవాటు మంచిది కాదు. ఇంకో మాట, పల్చటి గోడల అల్ట్రాసెంట్రిఫ్యూజ్ గొట్టాలను అంచు దాకా నింపకపోతే ఆ వేగానికి నలిగిపోతాయి. తూకం సరిచూడటం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

తయారైన మైక్రోసోమ్‌లు పనికొస్తాయో లేదో చెప్పేది కార్బన్ మోనాక్సైడ్ స్పెక్ట్రమ్. ఒమురా, సాటో 1964లో ఇచ్చిన పద్ధతే నేటికీ నడుస్తోంది. నమూనాను 2 మి.గ్రా./మి.లీ. దాకా పలచన చేసి, రెండు క్యువెట్లలోనూ చిటికెడు సోడియం డైథయోనైట్ వేసి, ఒకదానిలోకే కార్బన్ మోనాక్సైడ్‌ను నెమ్మదిగా బుడగలు బుడగలుగా వదలాలి. ఈ పని ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. 450, 490 నానోమీటర్ల మధ్య శోషణ తేడాను 91తో భాగిస్తే మిల్లీమోలార్లలో పీ450 వస్తుంది. తేడా 0.091 వచ్చిందనుకోండి, అది 1 మైక్రోమోలార్, అంటే ఆ పలచనలో మిల్లీగ్రాము ప్రొటీన్‌కు 0.5 నానోమోల్. ఈ సంఖ్య కంటే ముందు నేను చూసేది 420 దగ్గర శిఖరం ఉందా అని. అక్కడ శిఖరం లేచిందంటే ఎంజైమ్ చెడిపోయిందో, హిమోగ్లోబిన్ మిగిలిందో తేల్చుకోవాలి. ఎంజైమే చెడిపోయి ఉంటే ఆ బ్యాచ్‌ను పారేయడమే మంచిది.

ఇక మందు ఎంత వేగంగా తరిగిపోతుందో చూసే ప్రయోగం. 0.5 మి.గ్రా./మి.లీ. మైక్రోసోమ్‌లు, 1 మైక్రోమోలార్ మందు, కొంచెం మెగ్నీషియం, 37 డిగ్రీలు. ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి పీ450 పనిచేయడానికి కావాల్సిన ఎన్ఏడీపీహెచ్‌ను 1 మిల్లీమోలార్ వేసి మొదలుపెట్టాలి. 0, 5, 10, 20, 30, 45 నిమిషాలకు కొంచెం కొంచెం తీసి, ఇంటర్నల్ స్టాండర్డ్ కలిపిన చల్లటి అసిటోనైట్రైల్‌లో పోస్తే చర్య అక్కడికి ఆగుతుంది. మిగిలిన మందు లాగరిథమ్‌ను సమయానికి ఎదురుగా గీస్తే వచ్చే వాలు నిమిషానికి 0.0231 అయితే అర్ధాయువు 30 నిమిషాలు, ఇంట్రిన్సిక్ క్లియరెన్స్ (ఎంజైమ్‌లు మందును తొలగించే సామర్థ్యం) మిల్లీగ్రాము ప్రొటీన్‌కు నిమిషానికి 46.2 మైక్రోలీటర్లు. లెక్క సులువే. తప్పులు కంట్రోల్స్ దగ్గర జరుగుతాయి. ఎన్ఏడీపీహెచ్ లేని గొట్టంలో కూడా మందు తగ్గిపోతుంటే అది పీ450 పని కాదు. ఎస్టరేజ్‌లనే వేరే ఎంజైమ్‌లు కోస్తుండొచ్చు, లేదా మందు ప్లాస్టిక్‌కు అంటుకుపోతుండొచ్చు. మైక్రోసోమ్‌లను మరగబెట్టి వేసిన గొట్టం పెడితే ఈ రెండింటిలో ఏదో తెలిసిపోతుంది. ఆ ఒక్క గొట్టం కోసం బద్ధకించకూడదు.

చురుకైన మెటబాలైట్ స్వయంగా కంటికి కనబడదు, పుట్టిన చోటే దేనికో ఒకదానికి అతుక్కుపోతుంది. కాబట్టి దానికి ఎర వేయాలి. ఇదే ఇంక్యుబేషన్‌లో మందును 10 నుంచి 50 మైక్రోమోలార్ దాకా పెంచి, 5 మిల్లీమోలార్ గ్లూటాథయోన్ కలిపి, గంటసేపు ఉంచి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో వెతుకుతాను. గ్లూటాథయోన్ అతుక్కున్నవి పాజిటివ్ మోడ్‌లో 129 భారం కోల్పోతాయి. పారాసెటమాల్‌కు 457 దగ్గర అయాన్ వచ్చి అది 328కి దిగితే అంతా సరిగ్గా పనిచేస్తోందన్నమాట. కొత్త మందును పరీక్షించే ప్రతిసారీ పక్కన పారాసెటమాల్ గొట్టం ఒకటి పెట్టేది ఇందుకే. కొన్ని గ్లూటాథయోన్ అనుబంధాలు 129 నష్టాన్ని చూపించవు, అందుకని నెగటివ్ మోడ్‌లో 272 అయాన్ ఇచ్చేవాటిని కూడా వెతకాలి. ఇమీనియం లాంటి కఠినమైన ఎలక్ట్రోఫైల్‌లు గ్లూటాథయోన్‌కు చిక్కవు, వాటికి సయనైడ్ కావాలి. ఆల్డిహైడ్‌లకు మెథాక్సీఅమీన్ లేదా సెమీకార్బజైడ్. గ్లూటాథయోన్ ఒక్కదాంతోనే చూసి "చురుకైన మెటబాలైట్ లేదు" అని రాసే నివేదికను నేను ఒప్పుకోను.

ఎర చిక్కింది కదా అని మందు విషం అయిపోదు. రోగులు ఏళ్లుగా సురక్షితంగా వాడుతున్న మందుల్లో కూడా గ్లూటాథయోన్ అనుబంధాలు ఏర్పడేవి చాలా ఉన్నాయి. మోతాదు ఎంత, ఎంత భాగం ఆ దారిన పోతుంది, కణం దాన్ని ఎంత తొందరగా వదిలించుకుంటుంది అన్నవి మైక్రోసోమ్‌లలో తెలియవు. దానికి మొత్తం కణం కావాలి.

హెపటోసైట్‌లు, అంటే కాలేయ కణాలు, విడదీయడం చేత్తో నేర్చుకోవాల్సిన విద్య. 1969లో బెర్రీ, ఫ్రెండ్ కొలాజినేజ్ పద్ధతి ఇచ్చారు, తర్వాత సెగ్లెన్ దాన్ని రెండు దశలుగా కుదిర్చాడు. జంతు నైతికత సంఘం అనుమతించిన పద్ధతిలో, లోతైన మత్తులో ఉన్న 250 గ్రాముల ఎలుక పోర్టల్ సిరలోకి క్యాన్యులా దూర్చి కట్టేయాలి. ఆ వెంటనే కింది పెద్ద సిరను కోసి దారి ఇవ్వాలి, ఆలస్యమైతే కాలేయం ఉబ్బి పొర చిట్లుతుంది. మొదట కాల్షియం లేని, కాల్షియాన్ని పట్టేసే ఈజీటీఏ కలిపిన ద్రావణం నిమిషానికి 25 నుంచి 30 మి.లీ. వేగంతో పది నిమిషాల దాకా పోవాలి. కణాల మధ్య అతుకులు వదులయ్యేది ఈ దశలోనే. తర్వాత కాల్షియం కలిపిన కొలాజినేజ్. కాల్షియం లేకుండా ఆ ఎంజైమ్ పనిచేయదు, అందుకే ఈజీటీఏ మిగలకుండా మధ్యలో కాసేపు మామూలు బఫర్‌తో కడుగుతాను. ద్రావణాలన్నీ 37 డిగ్రీల దగ్గర, ఆక్సిజన్ ఎక్కించి ఉండాలి.

మొదటి నిమిషంలోనే కాలేయమంతా ఒకేలా తెల్లబడాలి. ఒక తమ్మె మాత్రం ముదురు ఎరుపుగా ఉండిపోయిందంటే గొట్టంలో వచ్చిన గాలి బుడగ ఆ శాఖను మూసేసిందని అర్థం. ఆ తమ్మె నుంచి మంచి కణాలు రావు, దాన్ని కోసి పక్కన పెట్టడమే. పంపుకీ క్యాన్యులాకీ మధ్య బుడగలు పట్టే గది ఎందుకు ఉండాలో ఇక్కడ తెలుస్తుంది. కొలాజినేజ్ మొదలై కొన్ని నిమిషాలు గడిచాక పైన పగుళ్లలాంటి గీతలు తేలతాయి. మొద్దు ఫోర్సెప్స్‌తో నొక్కితే మాగిన పండు మీద పడ్డట్టు సొట్ట అలాగే ఉండిపోతుంది. అదే ఆపాల్సిన క్షణం. గడియారం చూసి ఆపితే ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ అవుతుంది. కొలాజినేజ్ లాట్ లాట్‌కూ తేడా ఉంటుంది కాబట్టి రెండు మూడు లాట్ల నమూనాలు తెప్పించి, పరీక్షించి, మంచిదాన్ని ఏడాదికి సరిపడా కొనిపెట్టుకోవడం నా పద్ధతి.

పొర చీల్చి చల్లటి ద్రావణంలో మెల్లగా ఊపితే కణాలు రాలతాయి. 100 మైక్రాన్ల జాలీలో వడగట్టి, 50 జీ దగ్గర రెండు మూడు నిమిషాల చొప్పున మూడుసార్లు కడగాలి. హెపటోసైట్‌లు బరువైనవి, కిందికి దిగుతాయి. మిగతా కణాలు, చచ్చిన కణాల తుక్కు పైనే ఉండిపోతాయి. చచ్చిన కణాలకే పట్టే ట్రైపాన్ బ్లూ రంగుతో చూసినప్పుడు 85 శాతానికి పైగా బతికి ఉంటేనే నేను ముందుకు వెళ్తాను. తగ్గితే పెర్కాల్‌తో చచ్చినవాటిని వేరుచేయొచ్చు. కానీ ఆ బతికినవి కూడా దెబ్బతిన్నవే అయ్యుంటాయి కాబట్టి ముఖ్యమైన ప్రయోగానికి వాడను. కొలాజెన్ పూసిన ప్లేట్‌లో చదరపు సెంటీమీటరుకు లక్ష నుంచి లక్షన్నర కణాలు వేస్తే మూడు నాలుగు గంటల్లో అంటుకుంటాయి. ఆ క్షణం నుంచే పీ450 తరగడం మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో బాగా పడిపోతుంది. మెటబాలైట్ వల్ల వచ్చే విషప్రభావాన్ని చూడాలంటే మందు అదే రోజు వేయాలి. మూడో రోజు వేసి "హెపటోసైట్‌లకు హాని లేదు" అంటే ఆ కణాల్లో మెటబాలైటే లేదని తప్ప ఇంకేమీ తేలదు.

మనిషి కాలేయ క్యాన్సర్ నుంచి వచ్చిన హెప్‌జీ2 కణాల మాటా చెప్పాలి. సులువుగా పెరుగుతాయి, చవక, అందుకే అందరూ వాడతారు. వాటిలో పీ450 చాలా తక్కువ. వాటిలో పారాసెటమాల్‌ను 10, 20 మిల్లీమోలార్లు పోసి చంపి, ఎన్ఏపీక్యూఐ గురించి రాయడం అన్యాయం. ఆ చావుకు దారి వేరు. మైటోకాండ్రియా విషాలకైతే అవే కణాలు బాగా పనికొస్తాయి, గ్లూకోజ్ తీసేసి గెలాక్టోజ్ ఇవ్వాలి. గ్లూకోజ్ ఉంటే గ్లైకాలిసిస్ మీదే బతికేసి మైటోకాండ్రియా చెడినా బయటపడవు. అలాంటిదే మరో రకం, హెపాఆర్‌జీ కణాల్లో పీ450 ఉంటుంది. కానీ రెండు వారాలు పెంచి, మరో రెండు వారాలు 2 శాతం డీఎంఎస్ఓ అనే ద్రావకంలో ఉంచితేగానీ అవి పూర్తిగా మారవు. ప్రయోగానికి ముందు ఆ డీఎంఎస్ఓను తీసేయడం మరవకూడదు, కారణం కింద చెబుతాను. కణం చావును కొలిచే పద్ధతి కూడా మోసం చేస్తుంది. ఎన్-అసిటైల్‌సిస్టీన్ లాంటి థయోల్‌లు (గంధకం ఉన్న పదార్థాలు), బతికిన కణాలను రంగుతో చూపే ఎంటీటీ పరీక్షలో ఆ రంగును కణాలు లేకుండానే పుట్టిస్తాయి. కణాలు లేని గుంతల్లో మందు, ఎంటీటీ రెండూ వేసి చూడనిదే ఆ గ్రాఫ్‌ను నమ్మను. కణంలో మిగిలిన ఏటీపీ, చిట్లిన కణం నుంచి బయటికి కారే ఎల్‌డీహెచ్ రెండూ పక్కపక్కనే కొలిస్తే మేలు.

ఇక చిట్టెలుక. పారాసెటమాల్‌కు పెద్ద ఎలుక బాగా తట్టుకుంటుంది, చిట్టెలుక మనిషికి దగ్గరగా స్పందిస్తుంది. రాత్రంతా ఆకలితో ఉంచిన మగ చిట్టెలుకకు కిలోకు 300 మి.గ్రా. పొట్టలోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఆకలి గ్లూటాథయోన్‌ను తగ్గిస్తుంది. ఆకలి సమయం గుంపుకొకలా ఉంటే ఫలితం కూడా గుంపుకొకలా ఉంటుంది. పారాసెటమాల్ చల్లటి సెలైన్‌లో సరిగా కరగదు. వేడి చేసి కరిగించి, గోరువెచ్చగా ఉండగానే ఇవ్వాలి. చల్లారితే పలుకులు కడుతుంది, సిరంజిలోకి వచ్చే మోతాదు తప్పుతుంది. ఇక్కడే చాలామంది డీఎంఎస్ఓ వైపు మొగ్గుతారు, కరిగించడం సులువు కాబట్టి. డీఎంఎస్ఓ సీవైపీ2ఈ1ను ఆపుతుంది. పరీక్షించే పదార్థాన్ని డీఎంఎస్ఓలో కరిగించి ఇచ్చి, కంట్రోల్‌కు సెలైన్ ఇస్తే, కాలేయాన్ని కాపాడినది ఆ పదార్థమా, ద్రావకమా అన్నది ఎవరూ చెప్పలేరు.

"కాపాడే" పదార్థాల మీద పని చేసేవాళ్లు దయచేసి ఈ ఒక్కటి చేయండి. పారాసెటమాల్ ఇచ్చిన అరగంటకు కొన్ని చిట్టెలుకల కాలేయం తీసి గ్లూటాథయోన్ కొలవండి. కంట్రోల్‌లో అది అప్పటికే చాలావరకు ఖాళీ అయి ఉంటుంది. మీ పదార్థం ఇచ్చినవాటిలో ఖాళీ కాలేదంటే ఎన్ఏపీక్యూఐ తయారే కాలేదేమోనని అనుమానించాలి. ప్రొటీన్ అనుబంధాలను కూడా కొలిస్తే సందేహం తీరిపోతుంది. 24 గంటల తర్వాత గ్లూటాథయోన్ ఎక్కువగా ఉందని చూపించడం దేనికీ రుజువు కాదు, బతికిన కాలేయం ఎలాగూ దాన్ని మళ్లీ తయారు చేసుకుంటుంది. ఇంకా మంచి దారి, పారాసెటమాల్ ఇచ్చిన గంటన్నర తర్వాత మీ పదార్థం ఇవ్వడం. అప్పటికి మెటబాలిజం చాలావరకు ముగిసిపోతుంది కాబట్టి దాంతో జోక్యం లేకుండా తర్వాతి దశల్ని పరీక్షించినట్టవుతుంది. రోగి కూడా ఎప్పుడూ మాత్రలు మింగాకే కదా ఆసుపత్రికి వస్తాడు.

కొలిచేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఆక్సీకరణ చెందిన గ్లూటాథయోన్‌ను కొలవాలంటే నూరే ద్రావణంలోనే మామూలు గ్లూటాథయోన్‌ను కట్టేసే ఎన్-ఇథైల్‌మాలీమైడ్ ఉండాలి. లేకపోతే మామూలు గ్లూటాథయోన్ గొట్టంలోనే ఆక్సీకరణ చెందుతుంది, ఆక్సిడేటివ్ స్ట్రెస్ లేనిచోట ఉన్నట్టు కనిపిస్తుంది. జన్యుమార్పు చేసిన చిట్టెలుకలతో పనిచేస్తే కంట్రోల్ చిట్టెలుక ఉపజాతి సరిగ్గా అదేనా అని చూడాలి. సీ57బీఎల్/6జే అనే ఉపజాతిలో ఎన్ఎన్‌టీ జన్యువు పనిచేయదు, దానికి దగ్గరి 6ఎన్‌లో పనిచేస్తుంది. ఆ జన్యువు మైటోకాండ్రియాలో గ్లూటాథయోన్ రక్షణకు సంబంధించినది.

మనిషి దగ్గరికి వచ్చేసరికి ఈ పద్ధతి పూర్తి ఫలితాన్నిచ్చింది పారాసెటమాల్ విషయంలోనే. కణాలు చిట్లినప్పుడు ప్రొటీన్‌కు అతుక్కున్న పారాసెటమాల్ రక్తంలోకి వస్తుంది. మందు రక్తంలోంచి పోయాక కూడా కొన్ని రోజులు దొరుకుతుంది. కాలేయం విఫలమై వచ్చిన రోగి ఏం మింగాడో చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు ఇది కారణాన్ని పట్టిస్తుంది. మిగతా మందుల్లో దారి ఇంత తిన్నగా లేదు. 1993లో హెపటైటిస్ బి కోసం ఫియాలురిడిన్ వాడిన ట్రయల్‌లో 15 మందిలో 7 మందికి కాలేయం విఫలమైంది, ఐదుగురు చనిపోయారు, ఇద్దరు కాలేయ మార్పిడితో బతికారు. జంతు పరీక్షలు దాన్ని ముందుగా పట్టుకోలేకపోయాయి. మనిషిలో దాన్ని మైటోకాండ్రియాలోకి చేర్చే ఈఎన్‌టీ1 వాహకం మైటోకాండ్రియా పొరలో ఉంటుంది, చిట్టెలుకలో అక్కడ ఉండదు. మందు కణంలో ఎక్కడికి చేరింది, అక్కడ ఏమైంది అన్న ప్రశ్నే ఇది కూడా. ఫ్లూక్లోక్సాసిలిన్ అనే యాంటీబయాటిక్ సంగతి వేరు. 2009లో హెచ్ఎల్ఏ-బీ*57:01 అనే రోగనిరోధక జన్యు రూపం ఉన్నవాళ్లలో ప్రమాదం దాదాపు 80 రెట్లని తేలింది. అయినా ఆ జన్యువు ఉన్న 500 నుంచి 1,000 మందిలో ఒక్కరికే జబ్బు వస్తుంది. మిగతా తేడా ఎక్కడుందో వెతకాలంటే రోగి నమూనాలు కావాలి.

ట్రయల్స్‌లో పనిచేసే వైద్యులకు నేను అడిగేది అదే. కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఏఎల్‌టీ ఎంజైమ్ మామూలు గరిష్ఠానికి మూడు రెట్లు, బిలిరుబిన్ రెండు రెట్లు దాటి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగకుండా, వేరే కారణం దొరక్కపోతే దాన్ని హైస్ లా కేసు అంటారు. అలాంటివాళ్లలో సుమారు పదో వంతు మంది చనిపోవడమో, కాలేయ మార్పిడి అవసరమవడమో జరుగుతుంది. అలాంటి రోగి వచ్చిన మొదటి గంటలోనే, మందు ఆపిన వెంటనే, ఈడీటీఏ గొట్టంలో రక్తం తీసి ప్లాస్మా వేరుచేసి మైనస్ 80లో పెట్టండి. కణాల భాగాన్ని డీఎన్ఏ కోసం విడిగా దాచండి, మూత్రం కూడా కొంచెం తీసుకోండి. చివరి మోతాదు ఏ సమయానికి వేసుకున్నారో గొట్టం మీదే రాయండి. ఆ సమయం తెలియకపోతే మెటబాలైట్ ఎంత ఉందని మేం కొలిచినా, అది ఎక్కువో తక్కువో చెప్పడం కుదరదు.